ఆకాశవాణా, సంఘం రేడియోనా?
సామాజిక న్యాయం, రాజకీయాల గురించి రేడియోలో వినాలంటే హైదరాబాద్‌లో ప్రైవేటు ఎఫ్‌ఎంలు పనికిరావు, సొంతంగా వార్తలు చెప్పే అనుమతే వాటికి లేదు. మిగిలింది ఆకాశవాణి. చాలా దూరం వినిపిస్తుంది, ప్రాంతీయ వార్తలు టైముకి వస్తాయి, కానీ ప్రభుత్వాన్ని నిలదీసే గొంతు అందులో దొరకడం కష్టం. జహీరాబాద్ దగ్గర మాచనూర్‌లో 2008లో మొదలైన సంఘం రేడియో దారి వేరు: దళిత మహిళలే మైకు పట్టుకుని, రికార్డు చేసి, ఎడిట్ చేసి, విత్తనాల గురించి, చిరుధాన్యాల గురించి తమ యాసలోనే మాట్లాడతారు. ఇలా స్థానికులే తమ కోసం నడుపుకునే కమ్యూనిటీ రేడియోకీ వార్తల విషయంలో ఆంక్షలే, పైగా చుట్టుపక్కల ఊళ్లు దాటి వినపడదు. అయినా నా ఓటు దానికే. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పిన మాట నాకు అక్కడే కనిపిస్తుంది; ఆకాశవాణి కూడా వారానికో గంట ఇలాంటి మహిళల చేతికి మైకు ఇవ్వాలి.