టీ-టెస్టులో క్రిటికల్ వాల్యూ మేలా, పీ వాల్యూ మేలా?

మా మేనల్లుడు డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదువుతున్నాడు. పోయిన ఆదివారం ఎంవీపీ కాలనీలో మా ఇంటికొచ్చి, వంటగదిలో ఎలక్ట్రానిక్ కాటా ముందేసుకుని కూర్చున్నాడు. ఫిషింగ్ హార్బర్ వైపు ఏదో కొట్లో కొన్న ఎండు రొయ్యల పొట్లాలు పది. ఒక్కోదాని మీద 200 గ్రాములని రాసుంది. అన్నీ తూచాడు: సగటు 196, స్టాండర్డ్ డీవియేషన్ (బరువులు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే అంకె) 5.5. ఇల్లంతా వాసన. వాళ్ళత్త కిటికీలు తీసుకుంటూ తిరిగింది.

అసలు సగటు 200 అయ్యుండి ఈ తేడా ఊరికే వచ్చిందా, కాదా అని చూసేదే టీ-టెస్టు. లెక్క చిన్నదే. 5.5ని పది వర్గమూలంతో భాగిస్తే 1.74. నాలుగు గ్రాముల తేడాని దాంతో భాగిస్తే, మైనస్ గుర్తు పక్కనపెడితే, టీ 2.30.

వాడు ముందు క్రిటికల్ వాల్యూల టేబుల్ తీశాడు. టీ దాటాల్సిన గీతే క్రిటికల్ వాల్యూ. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 9 (పది పొట్లాలకి ఒకటి తక్కువ), టూ టెయిల్ (తేడా ఎటువైపున్నా లెక్కే), 5 శాతం లెవెల్ (తేడా లేకున్నా ఉందనే పొరపాటుకి మనం ఒప్పుకునే హద్దు) గడిలో 2.262. మనది గీత దాటింది కాబట్టి "సగటు 200" అన్న శూన్య పరికల్పనని (తేడా లేదని మొదట అనుకునే మాటని) తిరస్కరించాలి. పరీక్ష హాల్లో ఇదే దిక్కు. తర్వాత ఎక్సెల్‌లో చూస్తే పీ వాల్యూ (దాని అర్థం కాసేపట్లో చెప్తా) 0.047. ఇది 0.05 కన్నా తక్కువ, తీర్పు అదే. లెవెల్, టెయిల్ మారనంతవరకూ ఈ రెండూ ఎప్పుడూ ఒకే మాట మీద ఉంటాయి. వేరు మాట చెప్పాయంటే తప్పు మనదే, సాధారణంగా టెయిల్ దగ్గర.

మరి పోటీ ఎందుకంటే, టేబుల్ అవునో కాదో చెప్పి ఊరుకుంటుంది. గీత అంచున దాటామా, ఆమడ దూరం దాటామా అన్నది దానికి పట్టదు. 1 శాతం లెవెల్ అంటే మళ్ళీ వెతికి 3.250 పట్టుకోవాలి. పీ చేతిలో ఉంటే 0.047ని 0.01 పక్కన పెడితే చాలు, తిరస్కరించలేమని తెలిసిపోతుంది.

కానీ పీతో ఒక చిక్కుంది.

"అంటే మావయ్యా, కొట్టువాడు నిజాయితీపరుడయ్యే ఛాన్సు 4.7 శాతమేనా?"

కాదురా. అసలు సగటు నిజంగా 200 అయ్యుంటే, పది పొట్లాలు తూచినప్పుడు ఇంత తేడా, లేదా ఇంతకన్నా ఎక్కువ, ఎటువైపైనా సరే, వచ్చే అవకాశం అది. కొట్టువాడి గుణం గురించి అది ఏమీ చెప్పదు. చదువుకున్నవాళ్ళు కూడా జారేది ఇక్కడే. టేబుల్ వాడితే కనీసం ఈ ఆశ పుట్టదు.

వన్ టెయిల్ (తక్కువ వైపు మాత్రమే చూడటం) పెడదామన్నాడు, పీ సగమవుతుందని. ఒప్పుకోలేదు. క్రిటికల్ వాల్యూ కూడా 1.833కి దిగుతుంది కాబట్టి ఈ కక్కుర్తి రెండు దారుల్లోనూ చెల్లుతుంది. టెయిల్ ఎన్నుకోవాల్సింది తూచకముందు.

1908లో గిన్నిస్ బీరు కంపెనీ ఉద్యోగి గోసెట్ "స్టూడెంట్" పేరుతో ఈ టెస్టుకి పునాది వేసినప్పుడు కంప్యూటర్లు లేవు, టేబులే గతి. ఇప్పుడా ఇబ్బంది లేదు. నా ఓటు పీకే, లెవెల్ ముందే కాగితం మీద రాసుకుంటేనే సుమా.

ఇంతలో వాళ్ళత్త వచ్చి అడిగింది, "కవరు బరువు తీసేశావురా?"

తీయలేదు. ఖాళీ కవరు మూడు గ్రాములు. సగటు 193కి దిగింది, టీ 4.02కి ఎక్కింది. 5 శాతం గడి దగ్గర టేబుల్ మళ్ళీ అదే పాట పాడింది: తిరస్కరించు. పీ మాత్రం 0.047 నుంచి 0.003కి పడిపోయింది.