కావలి మట్టి గుట్టల మీద ఆరేళ్లు తొక్కిన బీఎంఎక్స్: ఏది విరిగింది, ఏది నిలిచింది

ముందు విరిగినవి చెప్పేస్తాను. వెనక రిమ్ము 2 సార్లు, పెడళ్లు 3 జతలు, సీటు క్లాంపు బోల్టు ఒకటి, హ్యాండిల్ తిరిగేచోట ఉండే హెడ్‌సెట్ బేరింగులు ఒక సెట్టు, చెయిన్లు 4, ట్యూబులు ఎన్నో గుర్తు లేదు. ఇప్పటికీ చెక్కుచెదరనివి ఫ్రేము, ఫోర్కు, హ్యాండిల్ బారు, పెడళ్లు బిగించే క్రాంకులు. 2019 డిసెంబరులో చెన్నైలో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో 14,000 పెట్టి కొని, చక్రాలు విప్పి గోనెసంచుల్లో చుట్టి రైల్లో నెల్లూరు జిల్లా కావలికి తెచ్చుకున్న బీఎంఎక్స్ ఇది, అంటే మట్టి గుట్టల మీద దూకడానికి చేసిన చిన్న చక్రాల సైకిలు. అప్పటి నుంచి వానలు తగ్గిన నెలలన్నిటిలో వారానికి నాలుగైదు రోజులు మట్టి గుట్టల మీద దూకుతూనే ఉంది. నేనొక్కడినే కాదు, మా పిలకాయలు ఏడెనిమిది మంది దీని మీదే నేర్చుకున్నారు, కాబట్టి ఒక మనిషి వాడకం లెక్కన చూడొద్దు.

బ్రాండు పేరు రాయడం లేదు. స్టిక్కర్లు 2021లోనే ఊడిపోయాయి, వాటితో పనీ లేదు. చూడాల్సింది ఉక్కు.

దీనికి ముందు బీఎంఎక్స్ అని పెద్ద అక్షరాలతో రాసి ఉన్న కొత్త సైకిలు ఒకటి 6,500కి కొన్నాను. ఎవరు చేశారో, ఎవరు అమ్మారో అనవసరం, చూడటానికి మాత్రం అచ్చం అసలు దానిలాగే ఉండేది. మూడో వారంలో రెండడుగుల గుట్ట దిగగానే వెనక యాక్సిల్ వంగింది. మార్పించాను. ఇంకో నెలకు క్రాంకు వంగింది, తొక్కినప్పుడల్లా కుడి మడమ ఫ్రేముకు రాసుకునేది. ఆ తర్వాత ఒకరోజు తుడుస్తుంటే కింది గొట్టం హ్యాండిల్ కింద ఉండే హెడ్ ట్యూబుకు కలిసేచోట పెయింటు మీద వెంట్రుకంత గీత కనిపించింది. గీరు పడిందేమో అనుకుని గోటితో గీకితే పెయింటు పెచ్చు లేచి, లోపల ఎర్రగా తుప్పు గీత, అతుకు చుట్టూ సగం దూరం పాకి ఉంది. ఇంకో నాలుగు దూకుళ్లు దూకి ఉంటే ముందు చక్రం ఊడి వచ్చేది, నా మూతి నేలకు తగిలేది. అదేరోజు దాన్ని పాత సామాన్లవాడికి వేసేశాను, వెల్డింగ్ చేయించి ఎవరికైనా అమ్మమని సలహా ఇచ్చిన వాళ్లు కూడా ఉన్నారు, ఆ పని నా చేతులతో చెయ్యలేను.

అలాంటి సైకిళ్లకు మామూలుగా వాడేది హై టెన్సైల్ స్టీలు. తొక్కుకుని బడికి పోవడానికి అది చాలు. దూకడానికి కావాల్సింది క్రోమోలీ, అంటే క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కు, 4130 అని నంబరు ఉంటుంది. దాని బలం ఎక్కువ కాబట్టి గొట్టం పలచగా చేసినా దెబ్బకు తట్టుకుంటుంది. కనీసం మూడు పెద్ద గొట్టాలు, ఫోర్కు లోపలి గొట్టం క్రోమోలీ అయి ఉండాలి. తర్వాత వెనక యాక్సిల్ చూడండి, 14 మిల్లీమీటర్లది కావాలి, చవక వాటిలో 10 చుట్టుపక్కల ఉంటుంది, చేత్తో పట్టుకున్నా తేడా తెలిసిపోతుంది. క్రాంకు ఒకే కడ్డీని వంచి చేసింది కాకుండా మూడు ముక్కలది, మధ్యలో పళ్లున్న ఇరుసుకు బిగించేది ఉండాలి. ఇవి ఉంటే పాతదైనా కళ్లకద్దుకుని తీసుకోండి, ఇవి లేకపోతే కొత్తదైనా వద్దు.

ఇక మన దగ్గర సామాన్లు దొరుకుతాయా అనేది అందరూ అడిగే ప్రశ్న. నాకూ కొన్నప్పుడు అదే టెన్షన్. నిజానికి సగం పైన కావలిలోనే దొరుకుతాయి. బీఎంఎక్స్ చక్రం 20 అంగుళాలది, టైరు కూర్చునే అంచు కొలత 406 మిల్లీమీటర్లు. పిల్లల సైకిళ్లకు వచ్చే 20 ఇన్‌టూ 2.125 లావు టైరుకూ అదే కొలత, చక్కగా పడుతుంది. సన్నగా ఉండే 20 అంగుళాల టైరు మాత్రం పట్టదు, దాని అంచు కొలత వేరు, షాపులో పడుతుందని చెప్పినా తీసుకోకండి. చెయిన్ మనూళ్లో పాలవాళ్ల సైకిలుకు వేసేదే సరిపోతుంది, అర అంగుళం పిచ్, అంగుళంలో ఎనిమిదో వంతు వెడల్పు. హబ్బు బేరింగు పోతే దాని అంచు మీద చెక్కిన నంబరు రాసుకుని, మోటార్లకు బేరింగులు అమ్మే షాపుకు వెళ్లండి, సైకిలు షాపుల చుట్టూ తిరగొద్దు. నేను రొయ్యల మేత షాపులో పని చేస్తాను, రొయ్యల గుంటల్లో నీళ్లు చిలికే ఏరియేటర్ల కోసం తెచ్చే గ్రీజే హెడ్‌సెట్‌కూ పూస్తాను, ఉప్పుగాలికి అంతకు మించింది నాకు కనపడలేదు. తుమ్మలపెంట బీచికి ఈ సైకిలు మీద వెళ్తే మాత్రం ఆ రాత్రే మంచినీళ్లతో కడిగి చెయిన్‌కు నూనె వెయ్యాలి, నా 4 చెయిన్లలో 2 అలా కడగకుండా వదిలేసి పాడుచేసుకున్నవే.

దొరకనివి రిమ్ము, వెనక హబ్బులో తిరిగే, చెయిన్ పడే 9 పళ్ల డ్రైవరు, సీటు క్లాంపు. ఇవి చెన్నై నుంచో బెంగళూరు నుంచో తెప్పించుకోవాల్సిందే.

రిమ్ము దగ్గర కొంచెం ఆగుతాను. రెండు రిమ్ములూ మొదటి రెండేళ్లలోనే పోయాయి, తర్వాత వేసిన మూడోది ఇప్పటికీ వంకర లేకుండా తిరుగుతోంది. సైకిలు అదే, మనిషి అదే, బరువు ఒక నాలుగు కిలోలు పెరిగాను కూడా. మారింది మట్టి.

మొదటి గుట్ట ఊరి బయట అమ్ముడుపోని ప్లాట్ల లేఔటులో కట్టాం. ఎర్ర గ్రావెల్ కుప్పగా పోసి ఉంటే దాన్నే పారతో వాలుగా చెక్కి ఎక్కేశాం. ఎక్కే వైపు బాగానే ఉంది, దిగే వైపు ఏమీ లేదు, చదును నేల. గాల్లోంచి చదును మీద పడితే ఆ దెబ్బంతా వెనక చక్రానికి, మోకాళ్లకు, నడుముకు. దిగే వాలు ఉంటే చక్రం దాని వెంట జారిపోతుంది, దెబ్బ కాస్తా వేగం అవుతుంది, ఆ వేగంతోనే తర్వాతి గుట్ట ఎక్కొచ్చు. ఇది మాకు చెప్పింది ఏ సైకిలు మనిషీ కాదు, మాతో తొక్కే పిల్లాడి నాన్న, తాపీ మేస్త్రీ. ఒక సాయంత్రం కొడుకును వెతుక్కుంటూ వచ్చి, కాసేపు చూసి, "ఎక్కను మెట్టు కట్టి దిగను గొయ్యి పెట్టారేంది అబ్బయ్యా, ఇల్లట్టా కడతారా ఎవురైనా?" అన్నాడు. మరుసటి ఆదివారం దారం, మేకు పట్టుకొచ్చి ఒక మేకు దిగ్గొట్టి దానికి దారం కట్టి రెండో కొసతో గుట్ట పక్కన వంపు గీసి చూపించాడు, ఎక్కే వంపు ఎక్కడా విరగకుండా ఒకే చాపంలో ఉండాలి, లేకపోతే ముందు చక్రం ఒక దారి, వెనక చక్రం ఒక దారి పోతాయి.

ఇప్పుడు మేం కట్టే పద్ధతి ఇది. ముందు టేబుల్‌టాప్ కడతాం, ఎక్కే వాలుకూ దిగే వాలుకూ మధ్య నింపేసి ఉంటుంది, పొట్టిగా దూకినా పైన పడతారంతే. ఎత్తు 3 అడుగులు, పైన చదును 6 అడుగులు. దిగే వాలు ఎక్కే వాలు కంటే పొడవుగా, తక్కువ నిటారుగా. పిలకాయలందరూ దాన్ని ఇటు నుంచి అటు దాటడం మొదలుపెట్టాకే మధ్యలో మట్టి తీసి డబుల్, అంటే మధ్యలో ఖాళీ ఉన్న రెండు విడి గుట్టలు చేస్తాం, ఆ తీసిన మట్టితోనే తర్వాతి గుట్ట. అడుగున రాళ్లూ రప్పలూ కలిసిన గ్రావెల్, పైన జానెడు మందం మాత్రం బంకమట్టి. ఒక్కో పొరా తట్టతో పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టి, గోనెపట్టాలు కప్పి రాత్రంతా వదిలేస్తాం. పొద్దున్నే పార వెనక వైపుతో రుద్దితే పైభాగం గచ్చులా నునుపు తేలుతుంది, చెప్పులతో నడిస్తే చప్పుడు వస్తుంది, అప్పుడు పనైపోయినట్టు.

బంకమట్టి కోసం మొదట పుట్టమన్ను తవ్వబోయాం, అంత గట్టిగా పట్టేది ఇంకోటి లేదని విన్నాం. పక్కింటి అవ్వ చూసి అడ్డం నిలబడింది. "నాగుల చవితికి పాలు పోసే పుట్టను తవ్వుతార్రా నాయనా? ఎండాకాలం చెరువులో అడుసు కావాల్సినంత, అది తెచ్చుకోండి." ఆమె చెప్పిందే మంచిదైంది. వేసవిలో చెరువు ఎండినప్పుడు రైతులు పొలాలకు ఒండ్రు తోలుకుంటారు, ఒక ట్రాక్టరు మట్టి మా వైపు వంచమంటే డీజిల్ డబ్బులు తీసుకుని వంచారు. ఒక్క ఒండ్రే వేస్తే ఎండకు నెర్రెలు బారుతుంది, మూడో వంతు ఇసుక మట్టి కలపాలి, ఇది రెండు గుట్టలు పాడయ్యాక నేర్చుకున్నాం.

2021 నవంబరులో పెన్నాకు వరదొచ్చి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు, హైవే దెబ్బతిన్నప్పుడు కావలిలో కూడా రోజుల తరబడి వాన. లేఔటులో గుట్టలన్నీ కరిగి నేలలో కలిసిపోయాయి. మనకు వానలన్నీ అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లోనే కదా, కొత్తవి కట్టాక ప్రతి ఏడూ ఆ మూడు నెలలు రొయ్యల గుంటల్లో వేసే పాత షీటు ముక్కలు కప్పి, అంచుల మీద ఇసుక బస్తాలు పెడుతున్నాం, చుట్టూ నీళ్లు పోయేందుకు జానెడు కాలువ. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు కుంభవృష్టి కురిసినా రెండు దిగే వాలులు మాత్రమే చెదిరాయి, సగం రోజులో కట్టేశాం. ఆ రోజు షీటు ఎత్తి చూసినప్పుడు కింద వంపు పొడిగా, మేం రుద్దిన గుర్తులతో సహా అలాగే ఉంటే మా పిలకాయలు వేసిన కేకలు ఇంకా చెవుల్లో ఉన్నాయి.

లేఔటు 2022లో అమ్ముడుపోయింది. ఇప్పుడు ఒక పెద్దాయన జామాయిల్ తోట మూల వాడుకుంటున్నాం. మొదటిరోజు కర్ర పట్టుకుని వచ్చి, "ఏందబ్బయ్యా ఈ దిబ్బలు?" అని అడిగాడు. "దూకేదానికి పెదనాయనా" అన్నాను. కాసేపు నిలబడి మా చిన్నక్క కూతురు రెండుసార్లు దూకడం చూశాడు, చెట్టు కొట్టకూడదు, నిప్పు పెట్టకూడదు, సీసాలు కనపడకూడదు అన్నాడు. మూడేళ్లుగా ఆ మూడు మాటలూ తప్పలేదు.

ఈ ఆట పుట్టిందే ఇలా. 1970ల మొదట్లో అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా పిల్లలు మోటారు సైకిళ్ల మోటోక్రాస్ పందేలు చూసి, ష్విన్ స్టింగ్‌రే లాంటి చిన్న సైకిళ్ల మీద ఖాళీ స్థలాల్లో మట్టి కుప్పలు ఎక్కి తొక్కారు, బీఎంఎక్స్ అంటే బైసికిల్ మోటోక్రాసే. ఒలింపిక్స్‌లోకి రేసు 2008 బీజింగ్‌లో వచ్చింది, గాల్లో విన్యాసాలు చేసే ఫ్రీస్టైల్ 2021లో జరిగిన టోక్యో పోటీల్లో. కానీ చేత్తో కట్టుకున్న మట్టి గుట్టలు ఇప్పటికీ పిలకాయలవే, వాటికి టిక్కెట్టు లేదు. అక్కడి వాళ్ల మాట ఒకటుంది, నో డిగ్ నో రైడ్ అని. మా దగ్గర దాన్ని తట్ట మొయ్యి, తర్వాత ఎక్కు అంటాం. ఒంగోలు నుంచి ఇద్దరు కుర్రాళ్లు ఖరీదైన సైకిళ్లతో వచ్చారు, వాళ్లకూ ముందు పారే ఇచ్చాం. ఒకడు ముఖం ముడుచుకుని వెళ్లిపోయాడు. రెండోవాడు ఇప్పుడు నెలకు రెండు ఆదివారాలు మొదటి రైలుకే దిగుతాడు.

సైకిలులో నచ్చనివి కూడా చెప్పాలి. దీని మీద దూరం పోలేరు. సీటు మోకాలి ఎత్తులో ఉంటుంది, కూర్చుని తొక్కితే రెండు కిలోమీటర్లకే తొడలు పట్టేస్తాయి, గేర్లు లేవు, ముందు 25 పళ్లు, వెనక 9, ఎదురుగాలిలో నరకం. స్టాండు లేదు, మడ్‌గార్డు లేదు. బ్రేకు వెనకది ఒక్కటే, కొందరు అది కూడా తీసేస్తారు, నేను తీయలేదు, తీయనివ్వను, తోట నుంచి ఇంటికి రోడ్డు మీదే రావాలి కదా.

దెబ్బల సంగతి. 2020లో హ్యాండిల్‌ను పట్టి ఉంచే స్టెమ్ బోల్టులు బిగించకుండా ఎక్కాను, దిగగానే హ్యాండిల్ ముందుకు తిరిగిపోయి గడ్డం కింద 4 కుట్లు పడ్డాయి. సైకిలు తప్పేమీ లేదు. అప్పటి నుంచి ఎవరు ఎక్కినా ముందు అలెన్ కీతో ఆ బోల్టులు ఒకసారి చూస్తాం, ముందు చక్రం మోకాళ్ల మధ్య పట్టుకుని హ్యాండిల్ తిప్పి చూస్తాం. మొదట్లో బైకు హెల్మెట్లు పెట్టేవాళ్లం, బరువుకు మెడ లాగేసేది, మేలో లోపల ఉడికిపోయేది. తర్వాత అందరం చందా వేసుకుని సైకిలు ఫుల్ ఫేస్ హెల్మెట్లు 2 కొన్నాం, వంతులవారీగా వాడతాం. ఎండాకాలం పొద్దున 5:30 నుంచి 7:30 వరకే. హెల్మెట్ లేకుండా ఎక్కితే ఆ వారం పారే, సైకిలు లేదు, మేస్త్రీ కొడుక్కయినా అంతే.

మళ్లీ కొంటానా అంటే ఇదే కొంటాను, ఇంకో రెండు వేలు ఎక్కువైనా. ఇప్పుడు వెనక డ్రైవరు నుంచి కటకటమని చప్పుడు వస్తోంది, పళ్లు అరిగాయి, చెన్నై నుంచి రావాలి. ఇంకో సంగతి, దీని పై గొట్టం పొడవు 21 అంగుళాలు, నాకు సరిపోయింది గానీ మా చిన్నక్క కూతురికి అందదు, బాగా ముందుకు వంగాల్సి వస్తోంది, పోయిన నెల డబుల్ మీద అందుకే పొట్టిగా పడింది. ఆ పిల్లకు పై గొట్టం 20.25 అంగుళాల లోపు ఉన్న ఫ్రేము కావాలి, క్రోమోలీది, స్టిక్కర్లు లేకపోయినా పర్వాలేదు. ప్రస్తుతం గుట్టల మీద షీట్లు కప్పే ఉన్నాయి, సంక్రాంతికి తీస్తాం, ఆ లోపు దొరికితే బాగుండు.