చుక్కలు చూపించిన సెట్: ఆరేళ్ల వాడకం తర్వాత

ఎనభైల నాటి జపాన్ హెచ్‌ఎఫ్ (షార్ట్‌వేవ్) హ్యామ్ రేడియో సెట్, 100 వాట్లు, సెకండ్ హ్యాండ్. బ్యాండ్‌లు, మోడ్‌లు, ఫిల్టర్ల సంగతి ఈ హాబీలో ఉన్నవాళ్లందరికీ తెలిసిందే, ఆ జోలికి పోను. కంపెనీ పేరూ అనవసరం. కోపమంతా లోపల పోసిన చారెడు జిగురు మీదే.

ఫ్రీక్వెన్సీని పుట్టించి ఒకచోట లాక్ చేసి పట్టి ఉంచే సర్క్యూట్ (లూప్) పీఎల్ఎల్ బోర్డు. అందులో వీసీఓ, అంటే వోల్టేజీని బట్టి ఫ్రీక్వెన్సీ మార్చే ఆసిలేటర్, కాయిల్స్ ఉంటాయి. అవి వెంట్రుకవాసి కదిలినా ఫ్రీక్వెన్సీ వణుకుతుంది. అందుకని కదలకుండా తయారీలోనే వాటి మీద జిగురు పోశారు. కొత్తలో అది రబ్బరులా ఉండి ఏ హానీ చెయ్యదు. పాతబడ్డాక తేమ పీల్చి కొద్దికొద్దిగా కరెంటు పారనిస్తుంది, పక్కనున్న విడిభాగాల తీగకాళ్లను తినేస్తుంది. వీసీఓలో ఆ మాత్రం లీకేజీ చాలు, లూప్ పట్టు తప్పుతుంది. లాక్ పోగానే డిస్‌ప్లేలో అంకెలు మాయమై చుక్కలు మిగులుతాయి, ట్రాన్స్‌మిట్ ఆగిపోతుంది. చుక్కలు చూపించడం అంటే ఏమిటో అప్పుడు తెలుస్తుంది.

శ్రీకాకుళంలో మే నెలలో ఈ సెట్ బంగారం. వంక పెట్టడానికి ఉండదు. వానలు పట్టాక తుఫాన్ల రోజులు దాటేదాకా దాని అసలు రంగు బయటపడుతుంది. మొదట ముసురు పట్టిన పొద్దున్న ఓ పది నిమిషాలు చుక్కలు, తర్వాత అంకెలు వచ్చేస్తాయి. కొన్నాళ్లకు అరగంట. ఆపైన సాయంత్రం దాకా రావు. చాలామంది పవర్ సప్లై మీద అనుమానపడి అది మారుస్తారు, డబ్బు దండగ. పై మూత తీసి, హెయిర్ డ్రయర్‌తో జానెడు దూరం నుంచి పీఎల్ఎల్ బోర్డుకి రెండు నిమిషాలు వేడి తగిలించండి. అంకెలు వస్తే జిగురే దొంగ కావచ్చు. కావచ్చు అనడానికి కారణముంది: డ్రై సోల్డర్ (సరిగా అతకని టాకా) కూడా వేడికి అతుక్కుంటుంది. పెన్సిల్ చివరతో బోర్డు మీద తట్టి చూడండి. తట్టినప్పుడు వచ్చిపోతే సోల్డర్, వేడికి మాత్రమే లొంగితే జిగురు.

విప్పడం ఒక పూట పని, శుభ్రం చెయ్యడం రెండు రోజుల పని. వీసీఓల మీది రేకు డబ్బాలను సోల్డర్ పీల్చి ఊడదియ్యాలి. జిగురుని సన్నని వేడితో మెత్తబరిచి వెదురుపుల్లతో గీకాలి. స్క్రూడ్రైవర్ వద్దు, కాయిల్ తీగ పుటుక్కున తెగుతుంది. మిగిలింది ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్‌తో పోవాలి. కాళ్లు నల్లబడిన కెపాసిటర్లు, రెసిస్టర్లు మార్చేయడమే మంచిది, పైకి బాగున్నట్టే కనిపించి మళ్లీ ఏడిపిస్తాయి. బాగా ఆరాక సర్వీస్ మాన్యువల్ చెప్పిన టెస్ట్ పాయింట్ దగ్గర మల్టీమీటర్ పెట్టి వీసీఓ వోల్టేజీ సరిచెయ్యాలి. కాయిల్ కదలకుండా రెండు చుక్కలు తేనెమైనం. మళ్లీ జిగురు గన్ జోలికి మాత్రం పోవద్దు. ఇది చేశాక నాలుగు వానాకాలాలు గడిచాయి, చుక్కలు తిరిగి రాలేదు.

మొదట్లో ఇందులోని ఆటోమేటిక్ ట్యూనర్‌ని (యాంటెన్నాని సెట్‌కి సరిపెట్టేది) తెగ మెచ్చుకున్నాను. ఇప్పుడు కాస్త తగ్గించి చెప్తాను. ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా ఎంత సరిపోలేదో చెప్పే అంకె, 1 అయితే సరిగ్గా కుదిరినట్టు) 3 లోపు ఉంటేనే అది పనిచేస్తుంది, దాటితే మోటారు తిరుగుతూనే ఉంటుంది. 40 మీటర్ల బ్యాండ్‌కి ఒక్కో రెక్క 10 మీటర్ల చొప్పున డైపోల్ (రెండు రెక్కల తీగ యాంటెన్నా) కట్టి, చివర్లు కత్తిరించి సరిచేసుకుంటే దాని అవసరమే రాదు.

తిత్లీ లాంటి తుఫానుకి కరెంటు రోజుల తరబడి పోతే బ్యాటరీ మీద నడుస్తుంది కదా అంటారు. నడుస్తుంది. కానీ ఊరికే వింటున్నా దాదాపు 2 ఆంపియర్లు తాగుతుంది. 60 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీని సగం దాకా వాడితే 15 గంటలు వినడమే, మాట్లాడితే ఇంకా బేగి అయిపోతుంది.

ఇలాంటిది కొనేవాళ్లు వానాకాలంలోనే వెళ్లండి. మీరు వెళ్లేసరికి సెట్ పైమూత వెచ్చగా ఉంటే ముందే ఆన్ చేసి ఉంచారన్నమాట. ఆపించి, పూర్తిగా చల్లారాక చూడండి. యాంటెన్నా బదులు తగిలించే 50 ఓమ్‌ల డమ్మీ లోడ్, వాట్‌మీటర్ మీతో తీసుకెళ్లండి. ప్రతి బ్యాండ్ మీదా పది సెకన్లు క్యారియర్ (మాటలేని ఉత్త సిగ్నల్) వేసి వాట్లు రాసుకోండి. అన్ని బ్యాండ్లలోనూ సగమే వస్తే ఫైనల్స్‌ని (చివరి పవర్ ట్రాన్సిస్టర్లని) అనుమానించాలి, ఒక్క బ్యాండ్‌లోనే తగ్గితే ఫిల్టరో రిలేనో అయ్యుంటుంది. వెనక యాంటెన్నా సాకెట్‌లో పచ్చటి చిలుము కనబడితే సముద్రపు గాలి లోపలిదాకా వెళ్లిందని అర్థం. పైమూత విప్పనివ్వకపోతే బేరం అక్కడే వొగ్గేయండి.

అమ్మేవాళ్లకీ ఓ మాట. జిగురు తీశారా లేదా అన్నది ముందే చెప్పండి, ఫొటో పెట్టండి. తీసిన సెట్‌కి నాలుగైదు వేలు ఎక్కువ అడగడం న్యాయమే. లైసెన్సు కాపీ చూడకుండా ఎవరికీ ఇవ్వొద్దు. బస్సు పార్సిల్లో వేసేటప్పుడు ముందున్న నాబ్ మీద బరువు పడకుండా థర్మోకోల్ కోసి పెట్టండి.

నాకైతే సరిపోయింది. ఇంట్లో సోల్డరింగ్ ఐరన్ ఉంది, వాడేదీ రాత్రి 40 మీటర్ల కబుర్లకే. ప్రతి రిపేరుకీ హైదరాబాద్ పంపాల్సినవాళ్లకి ఇది చవకో కాదో చెప్పలేను. రెస్ట్రిక్టెడ్ గ్రేడ్ హ్యామ్ లైసెన్సు వాళ్లయితే ఎలాగూ 50 వాట్లు దాటకూడదు, పవర్ తగ్గించి నాబ్ దగ్గర మార్కర్‌తో గీత పెట్టుకోండి.