క్లాక్ టవర్ దగ్గరి పాత పుస్తకాల కొట్టు: పుస్తకాలు కొనండి, కబుర్లకు మాత్రం డబ్బులివ్వకండి

నల్లగొండ క్లాక్ టవర్ నుంచి ప్రకాశం బజార్ వైపు పోయే సందుల్లో ఒకదాంట్లో, మెట్ల కింద ఉంటుంది ఈ కొట్టు. బోర్డు లేదు. బయట డీఎస్సీ, గ్రూప్స్ గైడ్లు సుతిలి తాళ్లతో కట్టి పెట్టి ఉంటాయి కాబట్టి చాలామంది పోటీ పరీక్షల షాపనుకుని దాటిపోతారు. లోపలికి వంగి వెళ్తే వెనక గోడంతా చందమామలు, అమర చిత్ర కథలు, ఇంగ్లీషు, హిందీ ఇంద్రజాల్ కామిక్స్, వారపత్రికల్లోంచి చింపి కుట్టిన సీరియళ్ల కట్టలు. ఈ జిల్లాలో ఇన్ని బొమ్మల పుస్తకాలు ఒక్కచోట నేనైతే ఇంకెక్కడా చూడలేదు. ఆదివారం ఎండలో ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద తిరిగే బాధ తప్పింది.

నేను నకిరేకల్ వైపు ఒక ప్రభుత్వ బడిలో లెక్కలు చెప్తాను. కొంత బడి లైబ్రరీ కోసం, కొంత నా పిచ్చి కోసం ఇక్కడ కొంటుంటాను. కొట్టు నడిపే పెద్దాయనను అందరూ చాచా అంటారు. మంచి మనిషి, కూర్చోబెట్టి చాయ్ తెప్పిస్తాడు. చిక్కల్లా ఒక్కటే: ధర అడిగితే ముందు పుస్తకం వెనకున్న కథ చెప్తాడు. కథ పెద్దదైన కొద్దీ రేటూ పెరుగుతుంది. ఆ కథల్లో సగం పుకార్లు. నాకు అంకెలు వినగానే కూడి చూసుకునే అలవాటు, అందుకే మాకిద్దరికీ పేచీ.

చందమామల సంగతే చూడండి. "గిది స్వాతంత్ర్యం వచ్చిన దినమే పుట్టిన బుక్కు టీచరమ్మా" అంటాడు. నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో ఆ పత్రిక మొదలుపెట్టింది 1947 జూలైలో. అప్పటికి స్వాతంత్ర్యం ఇంకా నెల దూరంలో ఉంది. భేతాళ కథల మీద ఇంకా పెద్ద మాట చెప్తాడు. అవన్నీ పాత సంస్కృత గ్రంథంలోవేనట, ఒక్క ముక్క కూడా మార్చలేదట, ఇంట్లో ఉంటే పుణ్యమట. ఆ గ్రంథం పేరే వేతాళ పంచవింశతి, అందులో ఉన్నవి 25 కథలు. నెలకొకటి వేస్తే రెండేళ్ల ఒక నెలలో అయిపోవాలి. చందమామలో భేతాళుడు దశాబ్దాల తరబడి చెట్టు దిగుతూ ఎక్కుతూనే ఉన్నాడు. మిగతా వందల కథలు ఎక్కడివి మరి? జానపద కథలను తిరగరాసి, చివర్లో ఒక చిక్కు ప్రశ్న పెట్టి, ఆ చట్రంలో ఇమిడ్చారు పత్రికలో పనిచేసినవాళ్లు. అట్ట లోపల సంపాదకుడిగా చక్రపాణి పేరుండేది, ఏళ్ల తరబడి కథలను దిద్ది తీర్చింది కొడవటిగంటి కుటుంబరావు. తోకచుక్క, మకరదేవత లాంటి సీరియళ్లు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం పేరైతే ఆ సీరియళ్ల మీద కనపడేదే కాదు. పేర్లు వేయని చోట పుకార్లు పుట్టడంలో వింతేముంది. శవాన్ని భుజాన వేసుకుని కత్తి పట్టుకుని నడిచే విక్రమార్కుడి బొమ్మ గీసిన శంకర్ పేరు మాత్రం చాచా తప్పు చెప్పడు. బొమ్మల వాళ్ల దగ్గర ఆయన పక్కా.

అమర చిత్ర కథల అరలో 'కృష్ణ'ను విడిగా ప్లాస్టిక్ కవరులో పెట్టాడు. "మొట్టమొదటి నంబరు" అని చెప్పి నాలుగింతల రేటు. అట్ట మీద ఉన్నదేమో 11. ఒకటి నుంచి పది దాకా ఏమయ్యాయని అడిగితే చాయ్ చల్లారుతుందంటాడు. ఆ పదీ సిండ్రెల్లా వంటి పాశ్చాత్య కథలు, కన్నడంలో వచ్చాయి. మన కథలు మొదలైంది 11తో. చాలామందికి తెలిసిన ముచ్చట వేరే ఉంది: 1967లో ఢిల్లీలో, ఈ పుస్తకాల సంపాదకుడు అనంత్ పాయ్ టీవీలో క్విజ్ చూశాడు, పిల్లలు గ్రీకు దేవుళ్ల గురించి టకటకా చెప్పి రాముడి తల్లి ఎవరంటే నోరు తెరవలేదు, ఆ బాధతోనే ఈ పుస్తకాలు పుట్టాయి. ముచ్చట బాగుంది, పాయ్ కూడా చెప్పుకున్నాడు. కానీ అంతకు ముందే బెంగళూరులో, వీటిని అచ్చేసిన ఇండియా బుక్ హౌస్ తరఫున అమ్మకాలు చూసిన అనంతరామ్, ఆ కన్నడ పుస్తకాల ఆలోచన తనదని చెప్పాడు. 11 అన్న అంకె ఆయన మాట వైపే మొగ్గుతుంది. టీవీ ముందు కన్నీళ్లు పెట్టుకునే కథకున్న గిరాకీ, బెంగళూరు సేల్స్ లెక్కలకు ఉండదు కదా.

ఇంద్రజాల్ కామిక్స్‌లో ముసుగు వీరుడు ఫాంటమ్ దగ్గరికొస్తే చాచా సిద్ధాంతం రంగుల మీద నడుస్తుంది. ఊదా రంగు బట్టల్లో ఉంటే ఒరిజినల్, నీలం వేసుకుంటే డూప్లికేట్. నిజానికి లీ ఫాక్ 1936లో ఆ బొమ్మల కథ మొదలుపెట్టినప్పుడు మనసులో ఉన్నది బూడిద రంగు. దినపత్రికలో నలుపు తెలుపే కాబట్టి ఎవరికీ పట్టలేదు. 1939లో ఆదివారం రంగు పేజీలు మొదలయ్యాక అచ్చు వాళ్లు ఊదా వేశారు, అదే నిలిచిపోయింది. ఇటలీలో ఎరుపు, స్వీడన్‌లో నీలం. ఇంకో అమెరికా కామిక్ హీరో హల్క్ కూడా 1962లో మొదటి సంచికలో బూడిద రంగులోనే ఉన్నాడు, అచ్చులో ఆ రంగు పేజీకో తీరుగా పడటంతో రెండో సంచికకల్లా పచ్చబడ్డాడు. రంగును బట్టి అసలూ నకిలీ తేల్చడం కుదరని పని. అయితే చాచా నీలం ఫాంటమ్‌లను సగం రేటుకే ఇస్తాడు గనక ఈ ఒక్క పుకారును నేను సరిదిద్దలేదు. మీరూ సరిదిద్దకండి.

ఫాంటమ్ ఉండే డెంకాలి అడవి ఆఫ్రికాలో నిజంగా ఉందని కూడా చెప్తాడు. ఆ పేరు ఇంద్రజాల్ వాళ్లు పెట్టింది. ఫాక్ రాసిన బంగల్లా మన బెంగాల్‌లా వినిపిస్తుందని డెంకాలి చేశారు, సింగ్ అనే సముద్రపు దొంగల ముఠాను సింగా చేశారు.

ఇక డుంబు అనే పిల్లల బొమ్మల కథ గీసిన బుజ్జాయి, దేవులపల్లి కృష్ణశాస్త్రి కొడుకని చెప్తే మాత్రం నవ్వి కొట్టిపారేయకండి. అది నూటికి నూరు పాళ్లు నిజం.

అసలు ఇబ్బంది ధరల్లో ఉంది. గల్లా పెట్టె అద్దం కింద ఒక పేపర్ కటింగ్ పెట్టుకున్నాడు: అమెరికాలో ఒక కామిక్ దాదాపు ఇరవై కోట్లు పలికిందని. వార్త నిజమే. 1938లో సూపర్‌మ్యాన్ తొలిసారి కనిపించిన సంచిక అది, 2014లో 32 లక్షల డాలర్లకు పోయింది. ఆ బొమ్మను పుట్టించిన ఇద్దరు కుర్రాళ్లకు హక్కుల కింద దక్కింది 130 డాలర్లు, అది వేరే దుఃఖం. అప్పట్లో పిల్లలు చదివి పారేశారు, మిగిలినవి కొన్నే, అందుకే ఆ రేటు. అదే 1992లో సూపర్‌మ్యాన్ చచ్చిపోయే సంచిక వచ్చినప్పుడు, రేపు లక్షలు వస్తాయని జనం నల్ల కవరు విప్పకుండా దాచారు. లక్షల్లో అచ్చయింది, లక్షల్లో దాచారు, ఇప్పుడు అడిగేవాడు లేడు. దీన్ని చాచాకు ఎన్ని రకాలుగా చెప్పినా 1990ల నాటి చందమామకు మూడు వందలు అంటాడు. కదలకుండా నిలబడితే డెబ్బైకి వస్తాడు.

బైండింగు కట్టలతో జాగ్రత్త. ఏడాది సంచికలు కలిపి కుట్టినవి చూడ్డానికి బాగుంటాయి, కానీ బైండరు అట్టలు పీకేసి అంచులు కోసేస్తాడు. వపా (వడ్డాది పాపయ్య) వేసిన ముఖచిత్రాల కోసమైతే అవి అసలు కొనకండి. నేను తెచ్చిన ఒక కట్టలో భేతాళ కథ చివరి పేజీ లేదు, రాజుకు మౌనభంగమే కాలేదు. పిల్లలు నన్ను పట్టుకున్నారు. మార్చి ఇమ్మంటే చాచా ఆ ముగింపు నోటితో చెప్పాడు. పుస్తకం మార్చలేదు, డబ్బులూ ఇవ్వలేదు. కొనేముందు నడిమి పేజీలు, చివరి పేజీలు చూసుకోవాలి, పిన్నుల దగ్గర తుప్పు చూసుకోవాలి. కింది వరుసలో చెద ఉంది. డాంబర్ గోలీల వాసన బట్టలకు పట్టుకుంటుంది.

పదకొండు లోపు తెరవడు. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు మూస్తాడు. ఫోన్‌పే తీసుకుంటాడు గానీ చిల్లర నోట్లు చేతిలో ఉంటే బేరం తొందరగా తెగుతుంది. చిన్న తరగతుల పిల్లల కోసమైతే అరల్లో వెతక్కుండా మెట్ల పక్కనున్న గోనె సంచి విప్పమనండి. అట్టలు చిరిగిన అమర చిత్ర కథలు అందులో పడేస్తాడు, ఒక్కోటి ఇరవై రూపాయలు. వాటికి కథలేమీ చెప్పడు.