వేసవి శిబిరంలో పన్నెండు తరగతులు, మూడు గడులు: తిరుపతిలో మా పిల్లల ఎంపిక

ఈ వేసవి సెలవుల్లో మా అమ్మాయిని, చిత్తూరు నుంచి వచ్చి మా ఇంట్లో ఉన్న మా మేనల్లుణ్ణి తిరుపతిలోని ఒక వేసవి శిబిరంలో చేర్పించాము. అమ్మాయికి పద్నాలుగేళ్ళు, వాడికి పదిహేను. శిబిరం ఏప్రిల్ 24న మొదలై మే 14న ముగిసింది; ఆదివారాలు పోగా 18 రోజులు. ఒక్కొక్కరికి రుసుము 6,500 రూపాయలు, సామగ్రి ఖర్చు పేరుతో మరో 900. ఒక ప్రైవేటు పాఠశాల భవనంలో నడిచిన ఈ శిబిరం పేరు రాయదలచుకోలేదు. పేరు లేకపోయినా ఈ సమీక్ష పనికొస్తుందనే అనుకుంటున్నాను, ఎందుకంటే ఇలాంటి శిబిరాల వాళ్ళు చేతికిచ్చే కాగితం ఎక్కడైనా దాదాపు ఒకేలా ఉంటుంది, దాన్ని నింపేటప్పుడు మాలాంటి తల్లిదండ్రులు చేసే తప్పూ ఒకేలా ఉంటుంది.

ఆ కాగితంలో పన్నెండు తరగతుల పేర్లు, ఒక్కొక్కదాని పక్కన ఒక్క వాక్యం, కింద మూడు ఖాళీ గడులు ఉన్నాయి. ఉదయం ఎనిమిదిన్నర నుంచి పన్నెండున్నర దాకా మూడు తరగతులు. గడికి ఒకటి చొప్పున ఎంచుకోవాలి. మా అమ్మాయి మొదటి గడిలో కలంకారీ రాసింది. బొమ్మలు ఇంట్లోనూ వేసుకోవచ్చు, ఇంత డబ్బు కట్టి అక్కడికి వెళ్ళి వేయడమెందుకని దాన్ని కొట్టేయించి రోబోటిక్స్ రాయించింది నేనే. మేనల్లుడు నేను చెప్పకుండానే రోబోటిక్స్ రాసుకున్నాడు. రెండో గడిలో అమ్మాయి కోడింగ్ పెట్టుకుంటే, వాడు వాళ్ళ తాతగారి మాట కాదనలేక ‘జూనియర్ సివిల్స్’ పెట్టుకున్నాడు. మూడో గడిలో ఇద్దరూ ఆకాశ పరిశీలన రాశారు. పదకొండూ పావుకు మొదలయ్యే తరగతిలో ఏ ఆకాశాన్ని చూపిస్తారని నాకు అప్పుడే అనుమానం వచ్చింది, కానీ అడగలేదు.

రోబోటిక్స్ సంగతి ముందు చెబుతాను. ముప్పైమంది పిల్లలకు ఆరు పెట్టెలు, అంటే ఐదుగురికి ఒకటి. పెట్టెలో ఉన్న ముక్కలను కాగితంలో చూపిన వరుసలో బిగిస్తే, నేల మీద గీసిన నల్లగీత వెంబడి నడిచే చిన్న బండి తయారవుతుంది. బిగించేది ఒక్కరే, మిగిలిన నలుగురు చుట్టూ నిలబడి చూస్తారు. మూడో రోజు మా మేనల్లుడు ఈ బండి ఎర్రగీత మీద కూడా నడుస్తుందా అని అడిగాడట. అది మన సిలబస్‌లో లేదన్నారట. ఆ ఒక్క ప్రశ్నలో వారం రోజుల పాఠం ఉంది. బండి అడుగున ఉన్న సెన్సారు మన కంటికి కనిపించని పరారుణ కాంతిని కిందికి వదులుతుంది. తెల్లకాగితం దాన్ని వెనక్కి పంపుతుంది, నల్లరంగు మింగేస్తుంది, ఆ తేడాను బట్టే బండి దారి తెలుసుకుంటుంది. ఎర్రసిరా మన కంటికి ఎంత స్పష్టంగా కనిపించినా ఆ సెన్సారుకు తెల్లకాగితంలాగే అనిపించవచ్చు. ఒక ఎర్ర పెన్నుతో గీసి చూస్తే ఐదు నిమిషాల్లో తేలిపోయే విషయం. గీయనివ్వలేదు, వైర్లు కదిలిస్తే కిట్ పాడవుతుందని పిల్లలను దగ్గరికి కూడా రానివ్వలేదు. చివరి రోజున మాత్రం అందరికీ రోబోటిక్స్ పూర్తి చేసినట్టు రంగుల సర్టిఫికెట్ ఇచ్చారు.

నాలుగో రోజు సాయంత్రం అమ్మాయి, “అమ్మా, రేపటి నుంచి నేను కలంకారీకి వెళ్తాను, రోబోటిక్స్‌లో నాకు చెయ్యడానికి ఏమీ లేదు” అంది. ఆఫీసుకు వెళ్ళి అడిగితే తరగతి మార్చుకునే గడువు మూడు రోజులేనన్నారు. ఆ నియమం కాగితంలో ఎక్కడుందని అడిగాను, లేదు. కాసేపు వాదించిన తరువాత ఒప్పుకున్నారు గానీ సామగ్రి ఖర్చు మళ్ళీ కట్టించుకున్నారు. ఆ రెండో 900 రూపాయలే ఈ శిబిరం మొత్తంలో సార్థకమైన ఖర్చు కావడం నాకు ఇప్పటికీ విచిత్రంగానే ఉంది.

కలంకారీ నేర్పిన ఆయన శ్రీకాళహస్తి నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. మచిలీపట్నం, పెడన వైపు కలంకారీని చెక్క అచ్చులతో అద్దుతారు. కాళహస్తి పద్ధతిలో అచ్చు ఉండదు, గీత మొత్తం కలంతోనే సాగాలి. కలమంటే కొస చెక్కిన వెదురుపుల్ల. దానికి కాస్త పైన ఉన్ని చుట్టి దారంతో బిగిస్తారు. ఆ ఉన్ని రంగును పీల్చుకుని ఉంటుంది, వేళ్ళతో నొక్కిన కొద్దీ రంగు కొసకు దిగుతుంది. గుడ్డను ముందుగా కరక్కాయ పొడి కలిపిన పాలలో నానబెట్టి ఎండబెడతారు. “ఎనుము పాలే కావాల తల్లీ, ఆవు పాలల్లో కొవ్వు చాలదు, రంగు పాకిపోతుంది” అని ఆయన చెప్పారట. మొదటి వారం మా ఇంటికి వచ్చిన గుడ్డ ముక్కల వాసన గురించి ఎక్కువ రాయను.

నల్లరంగు కోసం ఆయన మూత కట్టిన ఒక కుండ తెచ్చారు. పాత మేకులు, తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి వారాల తరబడి పులియబెట్టిన ద్రవం అది; కసిం అంటారు. శిబిరం మొదటి రోజునే పిల్లల చేత ఇంకో కుండ పెట్టించి, అది ఎలా మారుతున్నదో రోజూ మూత తీసి చూసి రాయమన్నారు. కసింలో ముంచిన కలంతో గుడ్డ మీద గీస్తే మొదట పలచని టీ మరకలాంటి గీత పడుతుంది, చూస్తుండగానే నల్లబడుతుంది. మా అమ్మాయి మొదటి రోజు గీత సరిగా పడలేదనుకుని మళ్ళీ మళ్ళీ దిద్ది నెమలి మెడను లావు చేసేసింది. “దిద్దద్దు తల్లీ, దానికి గాలి తగలనీ, అదే నల్లబడుతుంది” అన్నారట ఆయన. కరక్కాయలో ఉండే టానిన్ అనే వగరు పదార్థంతో ఇనుము కలిసి, గాలిలోని ఆక్సిజన్ తోడై ఆ నలుపు వస్తుంది. కరక్కాయ పట్టించని గుడ్డ మీద గీస్తే ఏమవుతుందని ఒక పిల్లవాడు అడిగితే, ఆయన మారుమాట లేకుండా ఉతికిన తెల్లగుడ్డ ముక్క చింపి ఇచ్చి గీయమన్నారు. దాని మీద తుప్పు మరక మిగిలింది తప్ప నలుపు రాలేదు. పక్క గదిలో ఎర్రగీత అడిగిన మా మేనల్లుడికి దొరకనిది ఇక్కడ ఆ పిల్లవాడికి దొరికింది.

ఎరుపు దగ్గర పిల్లలు ఇంకా ఆశ్చర్యపోయారు. ఎరుపు రావలసిన చోట రంగు పూయరు, పటిక నీళ్ళు పూస్తారు. ఆరిన తరువాత గుడ్డ మొత్తాన్ని మంజిష్ఠ వేసిన నీళ్ళలో ఉడికిస్తే పటిక పడిన చోటే ఎరుపు నిలుస్తుంది, మిగిలిన చోట ఉతికితే పోతుంది. కాళహస్తిలో ఈ ఉతుకుడు స్వర్ణముఖి పారే నీటిలో జరిగేదట. మే నెలలో పాఠశాల వెనక కుళాయే స్వర్ణముఖి అయింది. రసాయనశాస్త్రం అన్న మాట ఆ తరగతి పేరులో గానీ పక్కనున్న వాక్యంలో గానీ ఎక్కడా లేదు. ‘సంప్రదాయ చిత్రకళ, అందమైన వాల్ హ్యాంగింగ్‌లు’ అని మాత్రమే రాశారు. మేకప్ కిట్ ప్రకటనలా ఉన్న ఆ వాక్యాన్ని చూసే నేను దాన్ని కొట్టేయించాను.

ఆకాశ పరిశీలన విషయంలో నా అనుమానం సగమే నిజమైంది. నేర్పింది విశ్రాంత ఫిజిక్స్ లెక్చరరు ఒకాయన. పగలు కనిపించే నక్షత్రం ఒకటుంది కదా, దాన్నే చూద్దామని మొదటి రోజే పిల్లలను మైదానంలోకి తీసుకువెళ్ళారు. మీటరు పొడవు వెదురు కర్రను నేలలో పాతి, తాపీ మేస్త్రీలు వాడే గుండుదారంతో అది నిటారుగా ఉందని పరీక్షించి, రోజూ పన్నెండూ పది ప్రాంతంలో నీడ కొస దగ్గర సుద్దముక్కతో గుర్తు పెట్టించారు. పన్నెండుకే ఎందుకు కాదంటే, మన గడియారాలు కాకినాడకు దగ్గరగా పోయే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి. తిరుపతి దానికి మూడు డిగ్రీలు పడమర. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున మనకు మిట్టమధ్యాహ్నం పన్నెండు నిమిషాలు ఆలస్యం, భూమి సూర్యుడి చుట్టూ తిరిగే తీరును బట్టి ఆ రోజుల్లో అందులో రెండు మూడు నిమిషాలు తగ్గుతాయి. ఏప్రిల్ 24న నీడ సెంటీమీటరుకు కాస్త ఎక్కువగా ఉత్తరం వైపు పడింది. 26న కనిపించనే లేదు. ఆ తరువాత దక్షిణం వైపు పడడం మొదలై శిబిరం ముగిసేనాటికి తొమ్మిది సెంటీమీటర్లకు కాస్త తక్కువ దాకా పెరిగింది. మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుందంటే నేను నమ్మలేదు. నలభై ఏళ్ళకు పైగా ఈ ఎండలోనే తిరిగినా ఎన్నడూ గమనించలేదు. ఇక్కడ శిబిరం వాళ్ళ లోపం ఒకటి చెప్పాలి. కాగితంలో మూడు రాత్రులు అని రాసి ఒకే రాత్రి జరిపారు. ఆ ఒక్క రాత్రి కూడా మైదానంలో ఫ్లడ్‌లైట్లు ఆర్పడానికి వాచ్‌మన్ కోసం అరగంట వెతకవలసి వచ్చింది. అయినా స్వాతి, చిత్త నెత్తిమీద మెరిశాయి, కొండలు అడ్డులేని దక్షిణం వైపు కిందుగా త్రిశంకు చుక్కల గుంపు కనిపించింది. చిత్త దగ్గర పున్నమి చంద్రుడుండే నెల కాబట్టి చైత్రం అన్న మాట మా అమ్మాయి నాకు చెప్పింది.

మిగిలిన వాటి గురించి క్లుప్తంగా చెబుతాను. కోడింగ్ పరవాలేదు, ప్రతి పిల్లకూ విడిగా ఒక కంప్యూటరు ఉంది, అదే దాని బలం. జూనియర్ సివిల్స్‌లో దేశాలు, రాజధానులు వల్లె వేయించారు. మా మేనల్లుడికి నిద్ర ముంచుకొచ్చే తరగతి అదొక్కటే. పొద్దున్నే ఆరింటికి కపిలతీర్థం వైపు తీసుకువెళ్ళే పక్షుల పరిశీలనకు విడిగా పేరివ్వాలి, ఆ వేళకు లేవలేక ఏడుగురే చేరారు. మా పక్కింటి అబ్బాయి వెళ్ళాడు. ఒక రోజు వాళ్ళను తిరుమల ఘాట్ రోడ్డుకు తీసుకువెళ్ళి, అడుగున ఉన్న గ్రానైటు మీద క్వార్ట్‌జైటు పొరలు కూర్చున్న చోట ఆ రెండింటి మధ్య గీతను చూపించారట. ఆ రెంటి మధ్య కోట్ల ఏళ్ళ చరిత్ర లేకుండా పోయిన చోటని భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించిన రాళ్ళవి. ఎన్నిసార్లు బస్సులో వాటి పక్క నుంచి వెళ్ళామో లెక్కలేదు.

నాకు కోపం తెప్పించింది మాత్రం కరపత్రం మొదటి పేజీ. చిత్తూరు దారిలో గాదంకిలో ఉన్న జాతీయ వాతావరణ పరిశోధనశాల రాడార్ బొమ్మ వేసి, ‘శాస్త్రవేత్తలతో ఒక రోజు’ అని రాశారు. 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే ఆ రాడార్‌కు 1,024 యాంటెనాలు ఉన్నాయని, ముప్పైరెండు వరుసల్లో ముప్పైరెండు చొప్పున నిలబెట్టారని మా అమ్మాయి ముందే చదువుకుని, ఆ సంఖ్య కోడింగ్ తరగతిలో రోజూ కనిపించే 1,024 కావడం చూసి ఎంతో ఉత్సాహపడింది. వెళ్ళలేదు. నిర్వాహకులు అనుమతి కోరుతూ ఉత్తరమే రాయలేదని చివరి వారంలో తెలిసింది. బదులుగా అలిపిరిలోని ప్రాంతీయ విజ్ఞాన కేంద్రానికి తీసుకువెళ్ళారు. మంచి చోటే గానీ మా పిల్లలు అంతకు ముందే నాలుగుసార్లు చూశారు.

సౌకర్యాలకు వంక పెట్టలేను. తాగునీరు చల్లగా ఉంది, పదిన్నరకు రాగి జావ ఇచ్చారు, బస్సు వేళకు వచ్చింది. ఎవరైనా ఇలాంటి శిబిరంలో పిల్లలను చేర్చాలనుకుంటే, కాగితం ఇంటికి తెచ్చుకోకుండా అక్కడే నిలబడి నేను అడగకుండా వదిలేసినవి అడగండి: ఒక కిట్‌కు ఎంతమంది, నేర్పేవారు రోజూ ఆ పని చేసి బతికేవారా లేక కాగితం చూసి చెప్పేవారా, మధ్యలో తరగతి మార్చుకోవచ్చా, తయారు చేసింది ఇంటికి తెచ్చుకోనిస్తారా. నేర్పబోయే వారితో పిల్లలను ఐదు నిమిషాలు మాట్లాడనిస్తే ఇంకా మంచిది. కలంకారీ, ఆకాశ పరిశీలనల కోసమైతే ఈ శిబిరానికి మళ్ళీ పంపుతాను, రోబోటిక్స్‌కు పంపను. వచ్చే ఏడు పొద్దున ఐదున్నరకు లేస్తానని, పక్షుల తరగతిలో తనకు చోటు పట్టిపెట్టమని మేనల్లుడు ఊరికి వెళ్ళేటప్పుడు “అత్తా, మరిచిపోవద్దు” అని రెండుసార్లు చెప్పాడు.

శిబిరంలో చూసినట్టే మా మేడ మీద పిల్లలు నిలబెట్టిన వెదురు కర్ర ఇంకా ఉంది. జూన్ 21న నీడ 17 సెంటీమీటర్ల దాకా దక్షిణానికి పోయి, ఇప్పుడు రోజుకు కొంచెం చొప్పున వెనక్కి వస్తోంది. ఆగస్టు 16 దరిదాపుల్లో మళ్ళీ మాయమవుతుంది. ఆ రోజు మబ్బు పట్టకూడదని మా అమ్మాయి కోరిక.