వియన్నా ముట్టడి పాత ఎన్‌గ్రేవింగ్ పేరుతో నకలు అమ్ముతున్నారు, జాగ్రత్త

1683 నాటి వియన్నా ముట్టడి చిత్రం, రాగిరేకు మీద చెక్కి ఆ కాలంలోనే అచ్చువేసిన అసలు ప్రతి అని చెబితే నమ్మి కొన్నాను. నా చేతికి వచ్చింది ఈ కాలపు యంత్రాల అచ్చు పద్ధతి అయిన ఆఫ్‌సెట్‌లో అచ్చువేసిన నకలు.

ఒట్టోమన్ (తుర్కీ) సామ్రాజ్యపు ప్రధానమంత్రి కారా ముస్తఫా సేన రెండు నెలలు ఆ కోటగోడల కింద సొరంగాలు తవ్వి మందుపాతరలు పేల్చిన కథ నాకు ఎంతో ఇష్టం. బర్గ్, లోబెల్ బురుజుల వైపు మెలికలు తిరుగుతూ సాగే కందకాలను ఫొటోలో చూడగానే మనసు పారేసుకున్నాను. తొందరపడ్డాను.

చిత్రం ఫ్రేముతో వచ్చింది. చుట్టూ ఉన్న అట్ట, కాగితం అంచులను పూర్తిగా కప్పేసింది. అది తీసి చూస్తే, రాగిరేకును తడి కాగితం మీద గట్టిగా నొక్కినప్పుడు పడే పల్లపు గుర్తు కనబడింది. హమ్మయ్య అనుకున్నాను. ఖాళీ రేకుతో నొక్కినా అలాంటి గుర్తే పడుతుందని అప్పుడు తట్టలేదు.

అసలు సంగతి బయటపెట్టింది నడిమి మడత. పెద్ద చిత్రాలను పుస్తకాల్లో మడిచి కుట్టేవారు కాబట్టి మధ్యలో మడత ఉండటం మామూలే. కంటికి ఆ గీత స్పష్టంగా కనిపిస్తోంది, వేలితో తడిమితే మాత్రం ఏమీ తగలడం లేదు. కుడి మూలన గోధుమరంగు నీటి మరక ఉంది. కాగితం తిప్పితే వెనక దాని జాడే లేదు. మడత, మరక రెండూ బొమ్మతో పాటు అచ్చయినవే! పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దం పెట్టి ఫిరంగి పొగను చూశాను. నిజమైన ఎన్‌గ్రేవింగ్‌లో ఆ పొగంతా సన్నగా మొదలై లావెక్కి మళ్లీ సన్నబడే గీతలతోనే ఏర్పడుతుంది. ఇక్కడ వరుసలు కట్టిన చుక్కలున్నాయి, ఆఫ్‌సెట్ అచ్చుకు అదే గుర్తు. (చుక్కలు లేనంత మాత్రాన అసలుదని నమ్మకండి. ఫొటో సాయంతో రాగిరేకు మీదికి బొమ్మను దింపి అచ్చువేసే ఫొటోగ్రావ్యూర్ నకళ్లలో ఇలాంటి చుక్కల వరుసలు కనిపించవు.)

కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టాను. 17వ శతాబ్దపు యూరప్ కాగితంలో తీగల జల్లెడ గుర్తులు ఉంటాయి: దగ్గరదగ్గరగా సన్నని గీతలు, వాటికి అడ్డంగా ఎడంగా మరికొన్ని. ఆ గీతలు లేని కాగితం అక్కడ 1750ల నుంచే వచ్చింది. దీనిలో ఒక్క గీతా లేదు. పైగా అతినీలలోహిత టార్చి కింద నీలంగా మెరిసింది. అంటే తెల్లదనం కోసం రసాయనం కలిపిన, 20వ శతాబ్దపు లేదా ఆ తర్వాతి కాగితం.

అమ్మినవారిని అడిగితే, "పాతదన్నది చిత్రాన్ని, కాగితాన్ని కాదు" అన్నారు. ఆ తర్వాత జవాబే లేదు. నకలు అమ్మడం తప్పు కాదు. నకలని చెప్పకపోవడమే మోసం.

కొనేముందు ఫ్రేము లేకుండా తీసిన ఫొటోలు అడగండి. వెనకవైపు మొత్తం, పక్కనుంచి వెలుగు పడుతుండగా మడత, వెలుతురుకు పట్టిన కాగితం, భూతద్దంలోంచి ఒక్క అంగుళం గీతలు. "ఫ్రేము విప్పితే పాడవుతుంది" అని నాకు చెప్పినట్టే మీకూ చెబితే అక్కడితో ఆపేయండి.

నా ప్రతి ఇంకా నా దగ్గరే ఉంది. అయినా రెండు వారాలకే అదే అమ్మకందారు మరో "అసలు ప్రతి"ని అమ్మకానికి పెట్టారు. మధ్యలో అదే మడత, కుడి మూలన అదే మరక.