ఎదురుగా కట్టడం, ఇంట్లో దుమ్ము: ఎయిర్ ప్యూరిఫయర్‌తో రెండున్నరేళ్ల అనుభవం

మా ఫ్లాట్ నార్సింగి వైపు ఆరో అంతస్తులో ఉంది. 2023 వేసవిలో పడకగది కిటికీకి ఎదురుగా ఉన్న ఖాళీ స్థలంలో సెల్లార్ తవ్వకం మొదలైంది. హైదరాబాదు నేల ఎలాంటిదో తెలిసినవారికి దాని అర్థం వేరే చెప్పనక్కరలేదు. కొద్ది అడుగులు తవ్వగానే గ్రానైట్ బండ తగులుతుంది, దానికి రంధ్రాలు వేసి పగలగొట్టాలి, ఆ రాళ్లను రోజంతా టిప్పర్లలో తరలించాలి. మా అమ్మకు ఉబ్బసం ఉంది. ఆమెకు రాత్రిపూట ఇన్‌హేలర్ అవసరం పెరిగిపోవడంతో ఆ జూన్‌లోనే హెపా ఫిల్టరు (అతి సన్నని ధూళిని కూడా పట్టే ఒత్తైన వడపోత) ఉన్న ప్యూరిఫయర్ కొన్నాను. నేను చెప్పబోయేవి ఈ తరగతి యంత్రాలకు చాలావరకు వర్తిస్తాయి కనుక కంపెనీ పేరు రాయడం లేదు.

మొదటి రెండు నెలలు నేను చేసిన పొరపాటు యంత్రంపైనే పూర్తి భారం వేయడం. బల్లమీద వేలితో గీస్తే గీత పడేంత దుమ్ము రోజూ పేరుకుంటూనే ఉండేది, యంత్రం మీది అంకె మాత్రం గాలి బాగుందనే చూపించేది. కారణం తరువాత అర్థమైంది. పది మైక్రాన్ల (మిల్లీమీటరులో నూరో వంతు) రేణువు కదలని గాలిలో మీటరు ఎత్తు నుంచి కొన్ని నిమిషాల్లోనే నేలకు దిగిపోతుంది, యంత్రం దాన్ని లాక్కునే లోపే అది బల్లమీద వాలుతుంది. పైగా ఇలాంటి యంత్రాల్లో ఉండే చిన్న సెన్సర్లు సన్నని రేణువులను గుర్తించినంతగా ముతక దుమ్మును గుర్తించవు. గంటల తరబడి తేలుతూ ఊపిరితిత్తుల లోపలి దాకా వెళ్లే సన్నని ధూళి విషయంలోనే ప్యూరిఫయర్ అసలు ఉపయోగం కనిపిస్తుంది.

అందుచేత ముతక దుమ్మును గుమ్మం దగ్గరే ఆపే పని మొదలుపెట్టాము. స్లైడింగ్ కిటికీల రెక్కలు కలిసే చోట బ్రష్ పట్టీలు, తలుపు కింద రబ్బరు పట్టీ వేయించాము. కిటికీ పట్టాల చివర నీరు పోవడానికి ఉంచిన రంధ్రాలను కూడా వానలు లేని నెలల్లో స్పాంజి ముక్కలతో మూసాము. చీపురుతో పొడిగా ఊడ్చడం పూర్తిగా మానేసి, రోజుకు రెండుసార్లు తడిగుడ్డతో తుడవడం అలవాటు చేసుకున్నాము. చీపురు దుమ్మును తీయదు, నేలమీద ఉన్నదాన్ని మళ్లీ ముక్కు ఎత్తుకు లేపుతుంది. నా అనుభవంలో ఈ తక్కువ ఖర్చు పనులు చేసిన మేలు యంత్రం చేసిన మేలుకు ఏమాత్రం తీసిపోదు.

ఇక యంత్రం సంగతి. మా పడకగది 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు, అంటే సుమారు 48 ఘనమీటర్లు. గంటకు 300 ఘనమీటర్ల గాలిని శుభ్రం చేస్తుందని పెట్టెమీద రాసి ఉంది కాబట్టి లెక్కకు గదిలోని గాలి గంటకు ఆరుసార్లు వడకట్టబడాలి. అయితే ఆ అంకె గరిష్ఠ వేగానికి సంబంధించినది, ఆ వేగంలో వచ్చే హోరుకు అమ్మకు నిద్ర పట్టేది కాదు. మధ్య వేగంలోనే నడపవలసి వస్తుందని ముందే గ్రహించి, గదికి కావలసినదానికి రెట్టింపు సామర్థ్యం ఉన్నది కొనడం మంచిది. తలుపులు వేసి పడుకునేముందు గంటసేపు గరిష్ఠ వేగంలో నడిపి, తరువాత మధ్య వేగానికి తగ్గించడం మాకు బాగా కుదిరింది. విడిగా కొన్న మీటరులో పీఎం 2.5 (2.5 మైక్రాన్లు, అంతకంటే సన్నని ధూళి, ఘనమీటరు గాలికి మైక్రోగ్రాముల్లో) సాయంత్రం 90 దాకా ఉన్న రోజుల్లో కూడా ఆ గంట తరువాత 15కు అటూ ఇటూగా నిలిచేది. 24 గంటల సగటుకు మన దేశ ప్రమాణం 60, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన పరిమితి 15. అమ్మ రాత్రులు తేలికపడ్డాయి. ఈ కొనుగోలుకు నాకు అంతకంటే పెద్ద సమర్థన అక్కరలేదు.

ఫిల్టరు ఏడాది వస్తుందన్నారు కానీ మాకు ఏడు నెలలకే నల్లబడి గాలి తగ్గిపోయింది. మార్చమని వెలిగే దీపం యంత్రం నడిచిన గంటలనే లెక్కపెడుతుంది తప్ప పట్టిన దుమ్మును కాదు, కాబట్టి ఫిల్టరును కంటితో చూడాలి. ముందుండే జాలీని వారానికోసారి కడిగి ఆరబెట్టడం, సెన్సరు కటకాన్ని రెండు నెలలకోసారి దూదిపుల్లతో తుడవడం మొదలుపెట్టాక రెండో ఫిల్టరు పది నెలలు వచ్చింది. కరెంటు ఖర్చు పెద్దది కాదు, 40 వాట్ల యంత్రం రోజంతా నడిచినా ఒక యూనిటు దాటదు.

ఏసీ ఉంటే చాలనుకునేవారు చాలామంది ఉన్నారు. స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే తిప్పుతుంది, దాని వల నూలుపోగులను, ముతక దుమ్మునే పడుతుంది. ప్యూరిఫయర్ కూడా కొత్త గాలిని తీసుకురాదు, ఎప్పుడూ మూసి ఉంచితే గది ఉక్కగా, బరువుగా తయారవుతుంది. వానాకాలంలో జల్లు పడిన వెంటనే కిటికీలు తెరుస్తాము. చలికాలంలో తెల్లవారుజామున ధూళి పైకి పోక కిందనే నిలిచి ఉంటుందని మీటరు చూపించాక, ఆ నెలల్లో పనివారు భోజనానికి వెళ్లే మధ్యాహ్నపు గంటను ఎంచుకున్నాము.

కొనే ముందు ఫిల్టరు దొరుకుతుందో లేదో విచారించండి. మూడో ఫిల్టరు కోసం మేము ఆరు వారాలు ఎదురుచూశాము, ఆ సమయంలో ఎదుటి భవనంలో టైల్స్ కోత సాగుతోంది. పాత ఫిల్టరును బాల్కనీలో దులపకూడదు. మాస్కు పెట్టుకుని, ఉన్నచోటనే కవరులోకి జార్చి మూతి కట్టి పారవేయాలి.